తోక చూసి చదివిన మాట

చిలకలగూడలో మా వాడకట్టు సర్కారు బడిని నేను ముప్పై ఏండ్లు ఊడ్చిన. నల్లబల్ల తుడిచిన. ఏం తుడుస్తున్ననో మాత్రం తెల్వదు, నాకు అక్షరం రాదు గద. టెంపరరీ ఆయాగానే చేరిన, టెంపరరీ ఆయాగానే దిగిపోయిన. అందరు నన్ను ఆయమ్మ అనే పిలుస్తరు, ఇప్పటికి సుత.

చదువు అరవై దాటినంక నేర్చుకున్న. నేర్పింది ఆ బడిలనే హెడ్మాస్టర్ చేసి రిటైరైన సార్. సాయంత్రం పిల్లలు ఇండ్లకు పోయినంక, ఒకటో తరగతి గదిలో మమ్ముల నలుగురు ముసలోళ్లను కూసోబెట్టి చెప్పేటోరు. ముగ్గురు నెల తిరగకముందే మానేసిండ్రు. నేను మానలే. నా ఒక్కదాని కోసం సార్ సుత మానలే. ఆ సంగతి ముందు చెప్పాలె, లేకుంటే తర్వాతది మీకు సరిగ్గ అందదు.

పెద్ద మాట వస్తే నేను ఆగిపోయేదాన్ని. అప్పుడు సార్ ఒక కిటుకు చెప్పిండ్రు. "తోక చూడు ఆయమ్మా. తోక తెలిస్తే తల దానంతట అదే వస్తది." అట్లనే చదువుకుంట వచ్చిన, బస్సు బోర్డులు, పేపరు, దరఖాస్తులు. కానీ తప్పు పోతే మాత్రం వదిలేటోరు కాదు. ఒక పెండ్లి పత్రికల 'శుభలేఖ'ను నేను 'శుభలేక' అన్న. పిలువ వచ్చిన పెండ్లోళ్ల ముంగటనే మూడుసార్లు సరిగ్గ అనిపించిండ్రు. సిగ్గుతోని చచ్చిన.

ఎలక్షన్లకు కొన్ని నెలల ముందు సార్ ఒక సన్న పుస్తకం తెచ్చిండ్రు. ఒక పార్టీ వెనుక ఉండే పెద్దమనుషులు రాసింది, తమ పార్టీ గెలిస్తే సర్కారు ఎట్ల నడవాలె అని. ఇంగ్లీషుల నుంచి తెలుగు చేసింది సారే. పాత పద్ధతులు నిలబెట్టాలె, సర్కారు అన్నింట్ల వేలు పెట్టొద్దు, అమ్మానాన్నలను చూసుకునుడు పిల్లల బాధ్యత, పింఛన్లది కాదు, గిసొంటివి. అబద్ధమెందుకు, నాకు నచ్చింది. మా కోడలు నాకు మంచినీళ్లిచ్చేటప్పుడు పెట్టే మొఖం చూస్తే మీకు సుత నచ్చుతది.

ఆదివారం పొద్దుగాల బడి వరండాల మీటింగు పెట్టినం. పుస్తకానికి మా వాడకట్టు మద్దతు ఉన్నదని ఒక కాయితం మీద సంతకాలు చెయ్యాలె. సార్ కుర్చీల, పక్కన నేను. ఎదురుంగ చాప మీద ఇస్త్రీ చేసే ఆమె, ఆమె పక్కకు దర్జీ భాయ్, వెనుక మిగతా వాడకట్టోళ్లు. భాయ్ మనవరాలు మా బడిలనే మూడో తరగతి. ఆయన చదివేది ఉర్దూ. తెలుగు మాట్లాడుతడు గానీ చదవరాదు.

"సార్, గిది గెలిస్తే ఏమైతది?" అన్నడు భాయ్.

"ప్రతిదానికి సర్కారు దిక్కు చూసుడు పోతది. మనిషికి బాధ్యత వస్తది. ఒక్కసారి షురూ అయితే ఇరవై ఏండ్లు ఎవ్వరు మార్చలేరు."

"గదే నా పరేషాన్. మంచిదైతే సరే. కాకుంటే సుత ఇరవై ఏండ్లేనా?"

ఇస్త్రీ ఆమె కిసుక్కున నవ్వింది. "నువ్వు కుట్టిన జాకెట్టు లెక్క భాయ్. ఒకసారి బిగిస్తే మళ్ల వదులైతదా?"

"నేను కుట్టు విప్పి ఇస్త చెల్లె. ఈ పుస్తకం రాసినోళ్లను అడుగు, విప్పి ఇస్తరేమో."

అందరు నవ్విండ్రు. సార్ సుత నవ్విండ్రు. భాయ్ మాత్రం విడువలే. "పిల్లలు తక్కువున్న బళ్ల సంగతేంది ఈ పుస్తకంల? మా బడిల పదహారు మందే ఉన్నరు."

సార్ ఒక పేజీ తీసి, ఒక లైను కింద బొటనవేలు పెట్టి నా ముంగటికి జరిపిండ్రు. "ఆయమ్మా, నువ్వు చదువు. నీ నోట వింటే నమ్ముతరు."

నేను గొంతు సవరించుకొని చదివిన. "తక్కువ మంది విద్యార్థులు గల పాఠశాలల్లో సిబ్బంది..." తర్వాత పెద్ద మాట. తోక చూసిన. '...బద్ధీకరణ'. ఆ తోక నాకు బాగ ఎరుక. మా ఇండ్ల జాగల కోసం ఏండ్ల సంది ఆఫీసుల చుట్టు తిరిగిన మాట అది. ముప్పై ఏండ్లు నా నౌకరీ కోసం నేను ఎదురుచూసిన మాట. తల దానంతట అదే వచ్చింది.

"...సిబ్బంది క్రమబద్ధీకరణ చేపడతాం" అని గట్టిగ చదివిన.

ఇప్పుడు ఆయాగ చేసే పిల్ల వెనుక నిలబడి ఉండె. "అంటే నన్ను పర్మనెంట్ చేస్తరా ఆయమ్మా?" అని ముందుకొచ్చింది. చప్పట్లు కొట్టిండ్రు.

భాయ్ ఒక్కడే కొట్టలే. "సరిగ్గ చదివినవా ఆయమ్మా?"

"తెలుగు చదవరానోనివి, నన్ను అడుగుతవా?" అన్న. "పక్కన సార్ లేరా, తప్పైతే ఊకుంటరా?"

సార్ నా దిక్కు చూసి "శభాష్" అన్నరు. పుస్తకం మూసిండ్రు. మొదటి సంతకం నాది. నన్ను చూసి అందరు చేసిండ్రు. ఆ ఆయా పిల్ల కోసమని భాయ్ సుత చేసిండు.

వాళ్ల పార్టీయే గెలిచింది. జూన్‌ల బళ్లు తెరిచే రోజు మా బడి గేటుకు తాళం, తాళం మీద కాయితం. 'సిబ్బంది హేతుబద్ధీకరణలో భాగంగా ఈ పాఠశాలను మెయిన్ రోడ్డు అవతలి పాఠశాలలో విలీనం చేయడమైనది.' అదే తోక. ఈసారి తల నుంచి వేలు పెట్టి చదివిన. హే. తు. ఇంటికి ఉరికి ఆ సన్న పుస్తకం తీసిన. అండ్ల సుత హే, తు. అచ్చు మారలే. మొదటి నుంచి అట్లనే ఉన్నది.

సీదా సార్ ఇంటికి పోయిన. వాకిట్ల పేపరు చదువుతున్నరు.

"ఆనాడు నేను చదివింది విన్నరా సార్?"

"విన్న."

"తప్పు పోయిందా?"

పేపరు మడిచి, మళ్ల విప్పిండ్రు. "పిల్లలకు పెద్ద బడే మంచిది ఆయమ్మా. అక్కడ పాఠానికొక టీచరున్నడు. నేను నమ్మే తెలుగు చేసిన."

"గది అడుగుతలేను. తప్పు పోయిందా లేదా?"

"పోయింది."

"మరి దిద్దలే?"

"అందరు చప్పట్లు కొడుతుండ్రి. అప్పుడు దిద్దితే ఒక్కలన్న సంతకం పెడుదురా?"

"అడిగి చూస్తే తెలుస్తుండె గద."

 నేను లేచి వచ్చిన. దిద్ది, నన్ను కూసోబెట్టి, చిన్న బడి ఎందుకు వద్దో చెప్పి ఉంటే కొట్లాడేదాన్ని. కొట్లాడి, ఆఖరికి సార్ చెప్పిండ్రు గద అని సంతకం సుత పెట్టేదాన్నేమో. 'శుభలేక'కు మూడుసార్లు అనిపించిన మనిషి దీనికి శభాష్ అన్నడు. నాకు చదువు చెప్పింది దీనికేనా అని మెట్లు దిగుతుంటే అనిపించింది. అది అన్యాయపు మాటని తెలుసు. అయినా పోతలేదు.

ఆ రోజే పుస్తకం పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన. ప్రతి గడప కాడ ఆ లైను వేలు పెట్టి చదివి, "ఆనాడు నేను తప్పు చదివిన" అని చెప్పిన. ఆయా పిల్ల తలుపు తీసి, విని, మళ్ల తలుపేసుకున్నది. ఆఖరికి దర్జీ భాయ్ దుకాణం. తిడుతడనుకున్న. మిషన్ ఆపి, "ఇంకోసారి చదువు" అన్నడు. చదివిన.

"హేతు అంటే?"

"కారణమంటరట."

"ఏం కారణం?"

"గది రాయలే భాయ్."

ఆయన స్టూలు నా దిక్కు జరిపిండు.

ఇప్పుడు పొద్దుగాల పదహారు మంది పిల్లలను మెయిన్ రోడ్డు నేనే దాటిస్తున్న. ఎవ్వరు పెట్టిన నౌకరీ కాదు, ఇది సుత టెంపరరీనే. దారిల సార్ ఇల్లు వస్తది. పిల్లలు అలవాటుగ "గుడ్ మార్నింగ్ సార్" అంటరు, ఆయన చెయ్యి ఊపుతరు. నేను రోడ్డు మీద వచ్చే బండ్లను చూస్త.