గోలెంలో జొన్నలు

మొన్న మా కోడలు కరెంటు కుక్కర్ కొన్నది. దాంతోపాటు కొలతకని ఒక ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. నేను ఆ కొలత ప్రకారమే బియ్యం పోసి, అలవాటు కొద్దీ అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేశాను. నీళ్లు మాత్రం కొలతకు తగ్గట్టే పోసేసరికి అన్నం మెత్తబడింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత కోడలు కనిపెట్టి నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, కుక్కర్ ఖరాబ్ కాలే, మీ చెయ్యే ఖరాబైంది. గా పిడికెడు ఎవలికి?" అంది. నవ్వుతూనే అడిగింది. ఎవరికి అన్న ఆ ప్రశ్న దగ్గరే మా ఇంట్లో ఒకప్పుడు మనసులు విరిగాయి.

ఎనభైల మొదట్లో నేను కాపురానికి వెళ్లిన ఊరు భద్రాచలం తోవలో, అడవి మొదలయ్యేచోట, ఒక వాగు ఒడ్డున ఉండేది. నా భర్తకు ఇల్లందు బొగ్గుబాయిలో పని. వారానికోసారి, అదీ బస్సు దొరికితే వచ్చేవాడు. అందుకని నా కొత్తకాపురమంతా దాదాపు అత్తమ్మతోనే గడిచింది. మాది క్రైస్తవ కుటుంబం, మామ సంఘపెద్ద. భోజనానికి ముందు ఆయన ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారి, చారు మీద తెట్టు కట్టేదాకా ఆమేన్ వచ్చేది కాదు. ఇక అత్తమ్మ భక్తి అంతా పిడికెడు బియ్యంలో ఉండేది. మా సంఘం ఆడవాళ్లు ఎసట్లో పోసే బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసిపెట్టి, ఆదివారం మందిరంలోని మట్టి గోలెంలో పోసేవారు. తిండికి లేనివాళ్లకు పంచడానికి. అత్తమ్మ జ్వరమొచ్చి మంచాన పడ్డా అక్కణ్నుంచే "తీసినవా?" అని కేకేసేది. తీశానంటే నమ్మేది కాదు. "ఏదీ, పిడికిలి చూపియ్యి. నీది కోడిపిల్ల పిడికిలి, ఇంకింత ఎయ్యి" అనేది.

వాగు అవతల కోయగూడెంలో అత్తమ్మకొక వదినె ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి తునికాకు కోతకు వెళ్లేవారట, పక్కపక్కన కూర్చుని సద్ది తింటూ వరసలు కలుపుకున్నారు. ఆమె ప్రతి సంతకూ చీపుర్లు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మేం తాగే గ్లాసుల్లోనే బెల్లం టీ తాగిపోయేది. గ్లాసుల సంగతి ఊరికే చెప్పడం లేదు. అత్తమ్మ చిన్నప్పుడు ఊళ్లో పెద్దకులాలవాళ్ల ఇంటి ముందు దాహమంటే అరుగు కింద నిలబడి దోసిలి పట్టవలసిందే, పైనుంచి పోసేవారు. "తాగినయి తక్కువ, మోచేతులకెల్లి కారినయి ఎక్కువ" అని చెప్పేది. అందరితో ఒకే చాప మీద కూర్చోనిచ్చారనే ఆమె మందిరంలో అడుగుపెట్టింది. అందుకే తన ఇంట్లో ఎవరికీ వేరే గ్లాసు పెట్టనిచ్చేది కాదు.

ఒక సంతరోజు అత్తమ్మ బియ్యం తీయడం ఆ వదినె చూసింది.

"గిదేంది వదినె, వండేటియి తీసి దాస్తున్నవ్?"

"దేవునికి. తిండికి లేనోళ్లకు పంచుతరు."

"ఎవలికి?"

"ఎవలైతేంది? ఆకలి అందరికి ఒక్కటే గద."

ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. తర్వాతి సంతకు వచ్చినప్పుడు కొంగు ముడి విప్పి పిడికెడు జొన్నలు మా గిన్నెలో పోసింది. వాళ్లింట్లో వరిబియ్యం పండగలకే. "నాయి గూడ కలుపు" అంది. ఇక ఏ సంతా తప్పలేదు. మామ మీసాల్లో నవ్వుకుని, "దేవుడు జొన్నగటక గూడ తాగుతడన్నట్టు" అన్నాడే గానీ వద్దనలేదు. అప్పటినుంచి గోలెంలో తెల్లటి బియ్యం మధ్య జొన్నలు కనిపించేవి. పంచిన బియ్యం తీసుకెళ్లినవాళ్లు వాటిని చేటలో ఏరుకుంటూ విసుక్కునేవారు. ఇవి ఎవరు పోశారు, వాళ్లు సంఘంలో ఉన్నారా అని మాత్రం ఎవరూ అడగలేదు. పోసేవాళ్లను అడగాలని ఎవరికి తోస్తుంది?

ఒక వానాకాలం గోదావరి బాగా పొంగింది. పెద్దనది నిండితే మా వాగు నీళ్లు పోయే దారి లేక వెనక్కి తన్నేవి. కోయగూడెం మునిగింది. మా ఊళ్లోకీ నీళ్లొచ్చాయి. మిట్ట మీద ఉన్నది మందిరం ఒక్కటే కావడంతో సంఘం కుటుంబాలన్నీ పిల్లలతో, కోళ్లతో, తడిసిన బొంతలతో అందులో చేరాం. మధ్యాహ్నం వదినె వచ్చింది. ఎవరో తాటిదోనెలో వాగు దాటించారట. వెంట ఆమె కూతురు, పచ్చి బాలింత. పసిగుడ్డు తడవకుండా అడ్డాకులు కప్పి పట్టుకుంది. గుమ్మంలో పెద్దలు అడ్డంగా నిలబడి గుసగుసగా మాట్లాడుకున్నారు. చివరికి మామే ముందుకొచ్చాడు.

"చెల్లె, ఏమనుకోకు. లోపట జాగ లేదు. గోలెంల ఉన్నయి సంఘపోళ్లకే సాలయ్. రోడ్డెక్కితే సర్కారు బడి ఉన్నది, ఆడ మీ అసొంటోళ్లకు వండిపెడ్తున్నరంట."

మామ కఠినుడు కాదు. ముందు మనవాళ్లు, తర్వాతే బయటివాళ్లు అన్నది బైబిలు వాక్యం ప్రకారమేనని నిజంగా నమ్మాడు. అయినా ఆ 'మీ అసొంటోళ్లు' గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అత్తమ్మ లోపల్నుంచి "బాలింత ఉన్నది, నా జాగల కూసుంటది" అని అరిచింది. "ఒక్కరిని రానిస్తే గూడెమంత వస్తది" అన్నాడు ఇంకో పెద్ద. అత్తమ్మ లేచి వెళ్లబోతే మామ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. వదినె మనుషుల మధ్యనుంచి ఒక్కసారి అత్తమ్మ వైపు చూసింది. పసిబిడ్డ మీద ఆకులు సర్దుకుని, కూతుర్ని నడిపించుకుంటూ ఆ వానలోనే రోడ్డెక్కింది.

సాయంత్రం గోలెం తీసి బియ్యం పంచారు. మా వంతూ వచ్చింది. అత్తమ్మ కిటికీ దగ్గర చేట పెట్టుకుని చాలాసేపు ఏరుతూ కూర్చుంది. రాళ్లేరుతోందనుకున్నాం. లేచి మామ ముందుకు వెళ్లి అరచెయ్యి చాపింది. అందులో జొన్నలు.

"గివి మనోళ్లయి కావు. తీస్కపోయి ఇచ్చిరా."

"గింతదానికి..." అని మొదలుపెట్టి మామ తల దించుకున్నాడు. ఆ పూట ఆయన ప్రార్థన రెండు మాటల్లో అయిపోయింది. అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అత్తమ్మ తినలేదు.

నీళ్లు తీయగానే నేనూ అత్తమ్మా బియ్యం మూటతో బడికి వెళ్లాం. వాళ్లు లేరు. అడవి లోపలి చుట్టాల గూడేనికి పోయారని అక్కడివాళ్లు చెప్పారు. అత్తమ్మ ఆ మూటను అక్కడున్న మిగతా కోయవాళ్లకిచ్చి, ఇంటిదారి పట్టింది.

చలి మొదలయ్యాక ఒక సంతరోజు వదినె మళ్లీ వచ్చింది. అత్తమ్మ ప్రాణం లేచొచ్చినట్టు ఎదురెళ్లి, "పిల్ల ఎట్లున్నది?" అని అడిగింది. "మంచిగున్నది" అంది ఆమె. చీపుర్లు దించింది, కానీ అరుగెక్కలేదు. కొంగుకు ముడి లేదు. అత్తమ్మ టీ పెడతానంటే వద్దని, "ఇన్ని నీళ్లు పొయ్యి అమ్మా" అంటూ అరుగు కింద నిలబడి దోసిలి పట్టింది.

అత్తమ్మ తెచ్చిన చెంబు వెనక్కి తీసుకుంది. "వదినె, గట్ల పట్టకు. గ్లాసుల తాగు."

"వద్దమ్మా. మీ లోపటియి మీకే ఉండనియ్యి."

ఆమె గొంతులో కోపం లేదు, అదే మమ్మల్ని చంపేసింది. మనిషి దాహంతో నిలబడి ఉంటే ఎంతసేపని ఆగుతారు? అత్తమ్మ వంగి నీళ్లు పోసింది. తాగినవి తక్కువ. మిగతావి ఆమె మోచేతుల మీదుగా మా వాకిట్లోకి కారాయి. ఆ తర్వాత కూడా ఆమె చీపుర్లు తెచ్చేది. ఎప్పుడూ 'అమ్మా' అనే పిలిచింది. తాను పోయేదాకా అత్తమ్మ ఆ నోట 'వదినె' అన్న మాట కోసం ఎదురుచూసింది.

వదినె దోసిలి పట్టిన రోజునుంచి మా ఇంటి పిడికెడు మందిరానికి పోలేదు. వంటింట్లో ఒక డబ్బా పెట్టి, గుమ్మంలోకి ఆకలితో ఎవరొస్తే వారికి పోయడం మొదలుపెట్టింది అత్తమ్మ. మామ అడ్డు చెప్పలేదు. ముసలితనంలో ఆయనే, "డబ్బాల ఏసినవా బిడ్డా?" అని నాకు గుర్తుచేసేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

కోడలు ఇంకా నా చెయ్యి వదల్లేదు. "ఎవలొస్తె వాళ్లకు" అన్నాను. ఇన్నేళ్లుగా ఆ డబ్బా నిండుతూనే ఉంది, ఖాళీ అవుతూనే ఉంది. ఒక్క జొన్నగింజ మాత్రం అందులో పడలేదు.