నిప్పుతో చల్లబడే ఫ్రిజ్

నాన్న బండిలో ఫ్రిజ్ పాడైన రోజే మా ఇంట్లో గొడవ మొదలైంది. బండి అంటే కారు కాదు. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, బుల్లి ఫ్రిజ్ అన్నీ ఉన్న మోటారు ఇల్లు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేసింది. రంగూన్‌లో, అదే ఇప్పటి యాంగోన్‌లో, అహ్లోన్ రేవులో బస్తాలు లెక్కపెడుతూ బతుకంతా గడిపిన మనిషి, రిటైరయ్యాక దాన్ని తెచ్చి మా సందు మొగలో నిలబెడితే నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. కిటికీకి కొత్త రెక్క వేయించమంటే ఏళ్ళ తరబడి వాయిదా వేసిన మనిషి!

అయినా ఆ బుల్లి ఫ్రిజ్ మాకు ప్రాణావసరం. నాన్నకు షుగర్. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. యాంగోన్‌లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇంట్లో ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోయింది. బండి బ్యాటరీ మీద నడిచే ఆ చిన్నదే ఇన్నాళ్ళూ మందును కాపాడింది. అది పోయాక సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి రోజులు నెట్టుకొచ్చాం.

కొత్తది చూడటానికి నేనూ నాన్నా వెళ్ళాం. నాకు మళ్ళీ బ్యాటరీదే కావాలి. నాన్నకు గ్యాస్‌ది కావాలి. బ్యాటరీ నిండాలంటే కరెంటో, పెట్రోలో ఉండాలి కదా అని ఆయన వాదన. షాపతను నాన్నను చిన్నాన్న వరసలో "ఊలే" అని పిలుస్తూ బర్మా భాషలో చెప్పుకొచ్చాడు. ఆ ఫ్రిజ్ వెనక, బండి బయటికి తెరుచుకునే గూట్లో, చిన్న మంట వెలుగుతుందట. ఆ వేడితోనే లోపల చల్లబడుతుందట. మమ్మల్ని వెర్రివాళ్ళను చేస్తున్నాడనుకున్నాను. అప్పటికే నడుస్తున్న ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి పెట్టమన్నాడు. పెట్టి, ఉలిక్కిపడి లాక్కున్నాను. మంచు! నాన్న ఆ యంత్రాన్ని తానే కనిపెట్టినట్టు నా వైపు చూశాడు. అప్పటికి వారాల తరబడి పోట్లాడిన నేను అక్కడ ఓడిపోయాను.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"అగ్గెట్టి సలవ సేత్తారేటి? ఎక్కడైనా ఇన్నామా?" అంది. తర్వాత మెత్తబడింది గానీ ఒక షరతు పెట్టింది. "బండైనా ఇల్లే గదా. కొత్త అగ్గి ఎలిగించినప్పుడు పాలు పొంగించాల."

ఫ్రిజ్ బిగించారు. లోపల బాగా చల్లబడ్డాక నాన్న ఇన్సులిన్ సీసా ఉన్న మందు పెట్టెను అందులో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే పాల గిన్నెతో ముగ్గురం బండెక్కాం. బయట వాన. తడుస్తుందని కిటికీలన్నీ నేనే మూశాను.

పాలు పొంగాయి. పొయ్యంతా పారాయి. తూర్పుకే పొంగాయని అమ్మ మురిసిపోయింది. ఆ పాలకు పొయ్యి మంట ఆరిపోయిందని మాలో ఎవరూ చూడలేదు. గ్యాస్ వస్తూనే ఉంది, కిందికి దిగి నేల మీద పేరుకుంటోంది. పాల వాసన, అగరొత్తుల వాసనలో అదేమీ తెలియలేదు. అమ్మ ఫ్రిజ్ తలుపుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి హారతి తిప్పింది. చివరగా వంగి, ఫ్రిజ్ కాళ్ళ దగ్గరికి పళ్ళెం దించింది.

భగ్గుమంది.

నేల మీద నీలంగా మంట పరుగెత్తింది. అమ్మ రెక్క ఒక చేత్తో, నాన్న చొక్కా ఒక చేత్తో పట్టుకుని వానలోకి దూకాను. బండి పక్కన అరలో ఉన్న సిలిండర్ కట్టేసి తల తిప్పేసరికి అమ్మ లేదు. పొగ కక్కుతున్న బండిలోకి మళ్ళీ వెళ్ళింది! నాన్న అరిచాడు. "ఓలే, వొచ్చీయే! ఇటొచ్చీయే!"

వచ్చింది. కనుబొమల్లో ఒకటి కాలిపోయింది. కాలిన ఫ్రిజ్ తలుపు పిడి పట్టుకున్న అరచెయ్యి ఎర్రగా ఉబ్బింది. గుండెకు మందు పెట్టెను అదుముకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేటి మతి పోనాదా అమ్మా? మందు పోతే కొనుక్కోమా?"

"ఎక్కడ కొంతావే?"

"సందు సివర సాపులో!"

"ఆ సాపులో దొరికి ఎన్నాళ్ళయినాదో నీకెరికేటి? గుడికని సెప్పి బస్సెక్కి ఏటవతల తన్లిన్ ఎల్లి తెత్తన్నాను. ఇప్పుడక్కడా నేదు. ఇదే ఆకరి బుడ్డి."

"మాకు సెప్పవేటి?"

"సెప్తే మీ అయ్య సగం సగం మందే పొడుసుకుంటాడు."

నాన్న విన్నాడు. మంట ఆరిన బండి మెట్టు మీద కూలబడిపోయాడు. ఏ ఫ్రిజ్ మంచిదని ఇన్నాళ్ళూ మేమిద్దరం గొంతులు చించుకున్నాం. అందులో పెట్టే మందు ఎక్కడినుంచి వస్తోందని ఒక్కరమూ అడగలేదు.

"సూత్తారేటి, ఐసు తెండి!" అని అమ్మ కసిరింది.

ఎదురింటికి పరుగెత్తి ఐసు తెచ్చాను. కాలిన చేతికి పెట్టబోతే విదిలించుకుని, ఆ ముక్కలన్నీ తీసుకుని మందు పెట్టె చుట్టూ పేర్చింది.