అత్త అడిగిన ముందుగది

మా మేనత్త పోయి రెండు వారాలైంది. మహబూబాబాద్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి “అమ్మ పోయింది వదినా” అన్నప్పుడు నేను జనగామలో మా ఇంటి ముందుగదిలో ఉన్నాను. ఆ మాట ఆ గదిలోనే వినడం నాకు తగిన శిక్షే అనిపించింది.

డోర్నకల్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపిన మనిషి. స్టూడియో ఉన్న కిరాయి గది కూల్చేశాక, పోయిన ఏడాది మా ఇంటికి వచ్చింది. చాయ్ కూడా తాగకుండా ముందుగదిని అడుగులేసి కొలిచింది. ఉత్తరపు కిటికీ పక్కన స్టూలు, దాని వెనక నాలుగడుగులు వదిలి పరదా, ఇవతల గడప దగ్గర కెమెరా అని చోట్లు చూపించింది.

“పరదకు ఆనుకొని కూసుంటె నీడ దాని మీదనే పడుతది బిడ్డా. మనిషి ఎన్క జర ఖాళీ ఉండాలె. గీ దివాన్ ఒక్కటి జరుపు, చాలు. ఫొటోలు తీసేది వారానికి రెండు రోజులే.”

“పిల్లల పరీక్షలు అయిపోనీ అత్తా,” అన్నాను.

అసలు కారణం అది కాదు. ఎవరెవరో నా ఇంట్లోకి వచ్చిపోతారన్నదే నా బాధ. ఇంత చదివీ ఆ మాట పైకి అనలేక పరీక్షలను అడ్డం పెట్టుకున్నాను. ఆమెకు అర్థమయ్యే ఉంటుంది.

“నీ ఇంట్ల పరీక్షలు ఒడిసేటట్టు లేవు కోడలా! పోరగాండ్ల పెండ్లిళ్లు గూడ అయితయి,” అని ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ నవ్వేది.

ఆమె ఎవరి ముఖాన్నీ తెల్లగా దిద్దేది కాదు. అడిగితే “ఫొటోల నీ మొఖమే ఉండాలె గదా, పక్కింటోళ్లది ఎందుకు?” అని కసిరేది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఏం కూర వండారో కనుక్కుని, వాళ్ల భుజాలు సడలాకే కెమెరా ముట్టేది.

చివరి ఆరు నెలలు కెమెరా సంచే విప్పలేదట. దినాల రోజు బంధువులంతా ఆమె చేతిలో కళ ఉందన్నారు. నేనూ తలూపాను. ఇది నివాళో, సంజాయిషీయో నాకే తేలడం లేదు. గది ఇచ్చి ఉంటే బతికేదని అనను. ఆ ఆరు నెలలూ తన పని చేసుకునేది, అంతే. ఆ ‘అంతే’ నాకు మింగుడు పడటం లేదు.

నిన్న పొద్దున దేవరుప్పుల నుంచి ఒక ముసలి జంట వచ్చింది. ఇద్దరివీ ఇస్త్రీ బట్టలు. ఆమె కొప్పులో కనకాంబరాలు.

“ఫొటోలు దిగేది ఈడనేనా బిడ్డా?” అన్నాడాయన. “మా కోడలింట్ల స్టూడియో పెడుతున్న, రాండ్రని మీ అత్త ఎప్పుడో చెప్పింది. మాకే తీరలే. మేమిద్దరం కలిసి ఇప్పటిదాక ఒక్క ఫొటో దిగలే.”

అత్త పోయిందని చెప్పబోయాను. ఈలోపే ఆ ముసలామె అరచేయి తడి చేసుకుని ఆయన జుట్టు దువ్వడం మొదలుపెట్టింది.

“కదలకు,” అంది.

ఆయన గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు.