జీపుకు పట్టిన గాలి

నా ఈడువాళ్లారా, నీళ్లు నిండుగా ఉన్న బండి కూడా ఎందుకు మరుగుతుందో చెప్పగలరా?

పొద్దున మాదాపూర్‌లో బానెట్ ఎత్తి ఆపిన క్యాబ్ కనిపించింది. ఆ వేడి ఆవిరి వాసనకు లింగంపల్లిలో మా పాత ఇంటి వాకిలి గుర్తొచ్చింది. నాయన కిరాయికి తిప్పే జీపు, పక్కన ఇత్తడి బిందె.

ఆ రోజు రేడియేటర్‌లో అంచుదాకా నీళ్లు పోసినా జీపు కాగుతూనే ఉంది. నాయనతో నెలగా మాటల్లేని చిన్నాయన గోడ అవతలి నుంచి, "దానికి గాలి పట్టింది," అన్నాడు.

నానమ్మ నిమ్మకాయతో పరుగెత్తుకొచ్చింది. "ఏ దయ్యం పట్టిందిరా నా కొడుకు బండికి!"

"దయ్యం కాదే అమ్మా! పైపుల గాలి ఇరుక్కున్నది," అంటూ చిన్నాయన నవ్వుతూ గోడ దూకాడు.

ఇంజన్ చల్లారాక మూత తీసి స్టార్ట్ చేశారు. చిన్నాయన పైపు పిసుకుతుంటే బుడగలు పైకొచ్చాయి. నీళ్లు దిగినప్పుడల్లా నాయన చెంబుతో పోశాడు.

"జర మెల్లగ పొయ్యి, అన్నా!"

"నువ్వు పిసుకురా, నాకు నేర్పకు!"

ఆ "అన్నా" విన్నాక నాయన మొహం ఎంత వెలిగిందో! ఆ వాకిలి మళ్లీ చూస్తానా?

నానమ్మ మాటా నిజమే, దయ్యం పట్టింది బండికి కాదు, మాటలు మానుకున్న అన్నదమ్ములకు. అహంకారమే ఆ దయ్యమని శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. చంకలో గ్రంథంతో తిరిగే నేనే, కోకాపేటలో ఉన్న తమ్ముడితో మాట్లాడి మూడేళ్లయింది. "అన్నా" అనే పిలుపు కోసం చెవులు అలమటిస్తున్నాయి. ఇప్పుడే వాడికి ఫోన్ చేస్తున్నాను.

మీరూ లేవండి. కోపం చల్లారింది చాలు, ఈరోజే మాటల మూత తీయండి!