తాతబ్బాయి పర్మిట్ లేనిదే విమానం కదలదు

మా స్నేహితుడు తాతబ్బాయి తుమ్మే ముందు కూడా పర్మిట్ రాసి, భార్య కామాక్షమ్మ చేత సంతకం పెట్టించుకుని, అప్పుడు తుమ్ముతాడు. చిన్నప్పుడు అబద్ధమాడితే కాన్వెంటు సిస్టరమ్మ స్కేలుతో వేళ్ల మీద వాయించేది కనక ఇక్కడే దిద్దుకుంటున్నాను: తుమ్ము సంగతి నేను కల్పించాను. గీజరు విప్పడానికి పర్మిట్ రాసిన మాట మాత్రం నిజం. కామాక్షమ్మ సంతకం కళ్లారా చూశాను.

"తాళి కట్టేటప్పుడు కాగితం అడగనేదన్నయ్యా, అదే నా అదురుష్టం," అంది ఆవిడ.

తాతబ్బాయి భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు మెయింటెనెన్సులో చేశాడు. అక్కడ పర్మిట్ ఫారం మీద సంబంధించిన వాళ్లందరి సంతకాలూ పడందే ఎవరూ మిషను మీద చెయ్యి వెయ్యకూడదు. ప్రాణాలు కాపాడే పద్ధతి, కాదనను. రిటైరయ్యేటప్పుడు దాన్ని గేటు దగ్గర వదిలి రమ్మని ఈయనకెవరూ చెప్పలేదు.

పోయిన వానాకాలంలో మా మనవరాలు అమ్ము మూడిళ్లలో కంప్యూటర్ల మీద విమానం నడిపే ఆట పెట్టింది. నాకొకటి, తాతబ్బాయికొకటి, అదే ప్లాంటులో చేసిన మా నేస్తం సత్యప్రసాద్‌కొకటి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరింట్లో వాళ్లు కూర్చుని, మూడు విమానాల్లో కలిసి ఎగరొచ్చు. విశాఖలో లేచి, భీమిలి మీదుగా, సముద్రపు ఒడ్డు వెంబడే కళింగపట్నం దాకా వెళ్లాలనుకున్నాం. సత్యప్రసాద్‌ది ఆ ఊరే.

ఏర్పాటంతా అతని కోసమే. కరిగిన ఉక్కును మనుషుల నెత్తుల మీదుగా చుక్క తొణక్కుండా దాటించిన క్రేన్ ఆపరేటరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి గడప దాటడం లేదు. "మీరు ఎగరండి. నాను సూత్తాను," అన్నాడు. కొన్నాళ్లు పోతే చూడడం కూడా మానేస్తాడని నా భయం. కనక తొందరగా ఎగరాలి.

"పర్మిట్ అయిందేటి?" అన్నాడు తాతబ్బాయి మొదటిరోజే.

"ఇది ఆటరా! పడిపోతే మళ్లీ లేస్తాం."

"ఆటయితే సంతకాలొద్దేటి? మూడు విమానాలు ఒకేపాలి గాల్లోకి ఎల్తాయి. గుద్దుకుంటే జవాబు ఎవడు సెప్తాడు?"

ఫారం తయారైంది. ఇంచార్జి తాతబ్బాయి, పైలట్ నేను, సేఫ్టీ ఆఫీసరు సత్యప్రసాద్. మూడు సంతకాలూ పడితేనే ప్రయాణం. తాతబ్బాయి భిలాయిలోనే తానుండే రుఆబాంధా నుంచి సత్యప్రసాద్ ఉండే వైశాలి నగర్‌కు వానలో స్కూటరేసుకుని వెళ్లి, అతని చేత సంతకం పెట్టించి, అక్కడే నిలబడి దాన్ని కొట్టేశాడు.

"ఇది సెల్లదు. సంతకం సివరన కొక్కెం తిరగనేదు. రేపు కొత్త ఫారం తెత్తాను."

మర్నాడు కొక్కెం తిరిగింది, గీత దాటిందన్నాడు. ఆ మర్నాడు భీమిలి దగ్గర నేను ఎత్తు తప్పు రాశానట. ఇంకోరోజు ఫారం మీద కామాక్షమ్మ టీ గ్లాసు పెట్టింది. తప్పు ఎవరిదైనా కొత్త ఫారమే, మళ్లీ సత్యప్రసాద్ సంతకమే. నలభై రోజులు మా మూడు విమానాలు విశాఖలో నిలబడి ఎండాయి. నా విమానం రెక్క మీద పిచ్చుక గూడు కట్టిందని చెబుదును గాని, సిస్టరమ్మ గుర్తొస్తోంది.

"జబ్బు మనిషి సంతకానికి వంకలా? సిగ్గులేదట్రా?" అని అరిచాను.

"సిగ్గుకీ సేఫ్టీకీ సంబంధం నేదు భయ్యా," అన్నాడు తాపీగా.

ఇక తట్టుకోలేక, వాడి తరఫున క్షమాపణ చెబుదామని సత్యప్రసాద్ ఇంటికి వెళ్లాను. అతని భార్య వరలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆపి, కొట్టేసిన ఫారాల కట్ట చేతిలో పెట్టింది. మొదటి ఫారం మీద కాకి గీరినట్టుంది. ఇరవయ్యో దాంట్లో అక్షరాలు పోల్చుకోవచ్చు. ఆఖరిది జీతాల రిజిస్టరులో పెట్టిన సంతకంలాగే ఉంది.

"కసరత్తు సెయ్యమని డాక్టరు బంతిస్తే గోడకేసి కొట్టారన్నయ్యా. తాతబ్బాయన్నయ్య ఫారం తిప్పి పంపితే మాత్రం, 'ఆడి సేత సరే అనిపించకపోతే నాను ఆపరేటర్నే కాను' అని పొద్దల్లా పాత పేపర్ల మీద సంతకాలే! మా ఇంట్లో సదవడానికి ఒక్క పేపరు మిగల్నేదు."

లోపలి నుంచి సత్యప్రసాద్ కేక వినపడింది. "ఎవుడది? ఆడేనా? ఫారం తెచ్చాడేటి?"

కట్ట ఆవిడకిచ్చేసి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

ఆ ఆదివారమే పర్మిట్ పాసయింది. భీమిలి దాటకుండానే నేను సముద్రంలో పడ్డాను. తాతబ్బాయి ఫారంలో రాసిన ఎత్తు చూసుకుంటూ దారి తప్పి కొండల్లోకి పోయాడు. సత్యప్రసాద్ విమానం ఒక్కటే, ఉక్కు మోస్తున్నంత నిలకడగా, ఒడ్డు వెంబడే కళింగపట్నం దాకా వెళ్లింది.

"ఒరే, లైట్‌హౌసు! మా లైట్‌హౌసురా! ఆగండి, ఇంకో సుట్టు తిరుగుతాను!"

ఇదంతా రాసి తాతబ్బాయికి చదివి వినిపించాను. ఎర్ర పెన్ను తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డంగా గీత కొట్టాడు.

"అంతా అబద్ధం. ఇలాటిదేటీ జరగనేదు. సంతకం బాగోనేదు, తిప్పి పంపాను, అంతే. నువ్వు సముద్రంలో పడ్డావు సూడు, అదొక్కటే నిజం. దాని రిపోర్టు ఇంకా రాసివ్వనేదు నువ్వు."