సీట్లో ఎవరూ లేరు

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో, మా ఆఫీసు పార్కింగ్ లాట్‌లో ఆ రోజు ఒక ఖాళీ వ్యాను నా పరువు తీసింది. ఖాళీ అన్నది నా మాట కాదు, వ్యాను మాట. స్టీరింగ్ ముందు ఒక మనిషి నిక్షేపంగా కూర్చుని ఉండగానే తెర మీద "సీట్లో డ్రైవర్ లేరు" అని అక్షరాలు వచ్చాయి. వెంటనే చెవులు చిల్లులు పడేలా అలారం మోగింది.

ఆ మనిషి మా కంపెనీలోనే కాంట్రాక్టులు చూసే నల్లజాతి మహిళ. నాకంటే పదేళ్లు పెద్ద. వెన్నెముక దెబ్బతినడంతో చాలా ఏళ్లుగా వీల్‌చెయిర్‌లోనే తిరుగుతారు. ఆ వ్యాను మేం అలాంటివాళ్ల కోసం తయారుచేస్తున్నదే. వీల్‌చెయిర్‌తో నేరుగా ఎక్కి, బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తోనే వేసుకుంటూ నడపొచ్చు. డ్రైవర్ చూపు రోడ్డు మీద ఉందో లేదో కనిపెట్టడానికి స్టీరింగ్ వెనక ఒక కెమెరా ఉంటుంది. దానికి మనిషి కనపడకపోతే బండి అంగుళం కదలదు. ఆ కెమెరా పరీక్షల బాధ్యత నాది.

ఆవిడ ఆఫీసుకు వచ్చేది ముందురోజే ఫోన్ చేసి బుక్ చేసుకోవాల్సిన వికలాంగుల బస్సులో. అది సగం రోజులు ఆలస్యంగా వస్తుంది, మిగతా సగం రోజులు మీటింగ్ మధ్యలోనే వచ్చి హారన్ కొడుతుంది. అందుకని ఈ వ్యాను ఎప్పుడొస్తుందా అని రెండేళ్లుగా నన్ను అడుగుతూనే ఉన్నారు. లాంచ్‌కి ఇంకా ఆరు వారాలుందనగా, ముచ్చటపడతారు కదా అని నేనే పిలిచి కూర్చోబెట్టాను.

తప్పు ఎలా జరిగిందో చెబితే మనవాళ్లెవరైనా ఇట్టే నమ్ముతారు. పరీక్షలకు రకరకాల మనుషులు కావాలని గడులున్న లిస్టు ఒకటి ఇచ్చారు. తలో వంటకం తెచ్చుకుని కలిసే మా శనివారం పాట్‌లక్ వాట్సాప్ గ్రూపులో నేను మెసేజ్ పెట్టాను. పులిహోర ట్రేలు కార్లలోనే వదిలేసి అందరూ వచ్చి వంతులవారీగా కూర్చున్నారు. ముదురు రంగు చర్మం అనే గడిలో మా స్నేహితులకు టిక్కు పెట్టాను. ఆడవాళ్ల గడిలో వాళ్ల భార్యలకు పెట్టాను. వైకల్యం గడికి కంపెనీ ఇద్దర్ని పంపింది, ఇద్దరూ వీల్‌చెయిర్ వాడే తెల్ల మగవాళ్లు. మూడోమనిషి తక్కువయ్యాడని మోకాలి ఆపరేషన్ అయిన ఒక అంకుల్‌ని పట్టుకొచ్చి, వీల్‌చెయిర్ ఎత్తు రావడానికి ఆయన కింద రెండు దిండ్లు వేశాను. గడులన్నీ నిండాయని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

అలారం ఆపాక ఆవిడ ఆ లిస్టు చూపించమన్నారు. కాంట్రాక్టులు చదివే మనిషి కదా, ఒక్క లైను వదలకుండా చదివారు. ఇన్ని టిక్కుల్లో ముదురు రంగు, ఆడమనిషి, వైకల్యం, ఈ మూడూ కలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అడిగారు. నేను ఊరుకోకుండా, నాదీ చామనఛాయే, కెమెరా నన్ను చూసింది కదా అన్నాను.

"నువ్వు కనిపించినంత మాత్రాన నేను కనిపించినట్టా?" అన్నారు.

మొదట కోపం వచ్చింది ఆవిడ మీదే. ఇంటికెళ్లి ఆ లిస్టు మళ్లీ చూసుకున్నాక నా మీదే వచ్చింది. దిండ్లు వెతకడానికి అరగంట తిరిగిన మనిషిని, ఆవిడ ఉండే పై అంతస్తుకు ఒక్కసారి వెళ్లి అడగలేకపోయాను.

మా మేనేజర్ గుంటూరాయన, మంచివాడే. "చూడమ్మా, ఒక్కళ్ల కోసం లాంచ్ డిలే చేయలేం కదా. లైటింగ్ కాస్త అడ్జస్ట్ చేసి ఇంకోసారి టెస్ట్ చేయించెయ్," అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. లైటు కింద బొమ్మలా కూర్చోవడానికి రానన్నారు. పరీక్షకు మనుషుల్ని తానే ఎంచుతానని, ఫలితాలు చూసే మీటింగ్‌లో తానూ ఉంటానని, తన సంతకం లేకుండా బండి బయటికి వెళ్లకూడదని రాసి పంపారు.

ఆ షరతుల మీద మీటింగ్ పెట్టిన రోజు మంచు పడింది, ఆవిడ బస్సు రాలేదు. పది నిమిషాలు చూసి మేనేజర్ మొదలుపెట్టమన్నాడు. నా హెచ్-వన్ వీసా కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అయినా ల్యాప్‌టాప్ మూసేశాను.

"ఆవిడ వచ్చేదాకా స్లైడ్స్ ఓపెన్ చేయను సార్."

నలభై నిమిషాలు ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకున్నారు. ఆవిడ చక్రాల నిండా మంచుతో లోపలికొచ్చి క్షమాపణ ఏమీ చెప్పలేదు. ఇంతసేపు ఎదురుచూడటం మీకెలా ఉంది, నాకిది రోజూ ఉండేదే అని మాత్రం అన్నారు. వాదన అక్కడితోనే సగం అయిపోయింది. మిగతా సగానికి మా పరీక్షల లిస్టు చాలింది. లాంచ్ వాయిదా పడింది, ఆవిడ షరతులు మూడూ కంపెనీ ఒప్పుకుంది.

తరువాతి శనివారం ఆవిడ డెట్రాయిట్ నుంచి తొమ్మిదిమంది నల్లజాతి మహిళల్ని వెంటబెట్టుకొచ్చారు. వీల్‌చెయిర్లు, ఊతకర్రలు, వణికే చేతులు, ఒక కంటితోనే చూసేవారు, ఎత్తుగా కట్టిన తలగుడ్డలు. మొహమాటం అన్నది ఒక్కరికీ లేదు. కెమెరా సంగతి సరే, బెల్టు మెడకు తగులుతోందని, ర్యాంపు నిటారుగా ఉందని మమ్మల్ని ఉతికి ఆరేశారు. వాళ్లు చెప్పిందల్లా రాసుకోవడానికి నా నోట్‌బుక్ చాల్లేదు. కెమెరా పైకి జరిగింది, దానికి మనుషుల్ని గుర్తుపట్టడం మళ్లీ మొదట్నుంచి నేర్పాం.

వసంతంలో కంపెనీ ట్రాక్ మీద చివరి పరీక్ష. ఆరు రౌండ్లు చాలు. ఆవిడ ఎక్కి తలుపు వేసుకున్నారు. నా చేతిలోని ట్యాబ్‌లో కనిపించే వ్యాను తెర మీద ఏ అక్షరాలూ రాలేదు. వ్యాను కదిలింది.

ఆరు అయ్యాయి, ఏడు అయ్యాయి. ఇక ఆపమని చెప్పమన్నాడు మేనేజర్. మీరే చెప్పుకోండి సార్ అన్నాను. ఆయన చెప్పలేదు, నవ్వాడు. కంచె పక్కన ఆ తొమ్మిదిమందీ చప్పట్లు కొడుతున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పదకొండో రౌండులో మా ముందు నుంచి వెళ్తూ ఆవిడ కిటికీలోంచి మా వైపు తిరిగి చెయ్యి ఊపారు. ఊపుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి అలారం మోగింది. గబుక్కున ట్యాబ్‌లో సందేశం చూశాను.

"డ్రైవర్, దయచేసి రోడ్డు వైపు చూడండి."