ఓబులాచారి చేతులు కట్టుకున్న ఆదివారం

ప్రొద్దుటూరులో ఓబులాచారి చేసిన గొలుసు లేని పాత ఇల్లు తక్కువ. అలాంటి మనిషి మా షాపుకొచ్చి, కారు కడిగే సామాన్ల ముందు కొత్తగా బళ్లో వేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

డిగ్రీ మధ్యలో వదిలేసి నేను ఈ షాపులో కూర్చున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది ఊరికే చూసిపోయేవాళ్లే. ఆచారినీ ఆ జాబితాలోనే వేశాను.

"గీత పడకుండా కడిగేది ఏదన్నా ఉంటే చూపియ్యప్పా," అన్నాడు.

చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. అవి వణుకుతాయి. వణికే చేతికి ఎవరూ బంగారం ఇవ్వరు. పట్టకారు, ఊదుగొట్టం అటకెక్కాయి. కూతురు తనూజ జమ్మలమడుగులో టీచరు, నల్ల కారులో పోయివస్తుంది. నడిపేది ఆమె, కడిగేది ఆయన. ఇంట్లో ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

దారిలో నాపరాయి పాలిష్ మిషన్లున్నాయి. సాయంత్రానికి కారంతా రాతిపిండి. ఆచారి దాన్ని గొలుసుకు మెరుగు పెట్టినట్టే కడిగాడు. కుంకుడుకాయ నురగ, మెరుగు బ్రష్షు, ఓపిక ఉన్నంతసేపు రుద్దడం. బంగారం రుద్దేకొద్దీ మెరుస్తుంది. కారు మాత్రం రుద్దేకొద్దీ గీసుకుపోయింది. డోరంతా సుడులు తిరిగిన గీతలు.

"పాప తిట్టినా బాగుండు," అన్నాడు. "నీకెందుకు శ్రమ నాయనా, వాటర్ వాష్‌కు ఇస్తాలే అనె. ఈ ఒక్క ఆదివారం అడుక్కున్నా. మళ్లీ గీత పడితే ఇంగ బండి జోలికి పోను."

పెద్ద ప్రెజర్ మిషన్ బయటికి తీశాను. నా బైకు మీద కొట్టి చూడమన్నాను. గన్ను నొక్కగానే ఆయన చెయ్యి ఎగిరింది. ధార అటూఇటూ దూకి, ట్యాంకు మీది స్టిక్కరును లేపేసింది. ఆయన గన్ను మెల్లగా కింద పెట్టాడు.

"ఇది కోడెదూడప్పా. నా చేతికి నిలబడదు."

కొళాయి పైపుకు బిగించే నురగ గన్ను చూపించాను.

"మా కొళాయి ధార ఉచ్చ పోసినట్టు వస్తాది. దీనికి చాలదు."

చివరికి చేతిపంపు డబ్బా తీశాను. లోపల సబ్బునీళ్లు పోసి, పైన పిడి కొట్టి గాలి ఎక్కిస్తే, ముందున్న మూతిలోంచి నురగ వస్తుంది. ఆచారి మూతిని విప్పి, ఒక కన్ను మూసి, లోపలి జల్లెడను వెలుగుకెత్తి చూశాడు. ఉంగరంలో రాయి చూసినట్టే.

"ఈ మీట నొక్కి పట్టుకోవాల్నా?"

"అక్కర్లేదు మామా. పక్కకు తోస్తే అట్లనే నిలబడి, దానంతట అదే పోతా ఉంటాది."

ఆయన మీటను రెండుసార్లు తోసి చూసి, డబ్బాను తన ముందుకు లాక్కున్నాడు. దానికి తోడు పైపుకు వెడల్పుగా చిమ్మే మూతి, మందంగా ఉండే తువ్వాల కట్టిచ్చాను.

"ముందు నీళ్లు, తర్వాత నురగ. అది దిగిందాకా బండిని ముట్టుకోగూడదు," అన్నాను.

"ముట్టుకోకుండా మెరుగా? యాడన్నా ఉందా?"

ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి పోయాను. ఆయన రుద్దకుండా ఉంటాడని నాకు నమ్మకం లేదు. కారు నీడలో ఉంది. తనూజ తాళాలు పట్టుకుని గడపలో నిలబడింది. వాలు వైపు నీళ్లు దిగేచోట గుంత తీసి తొట్టి దించి ఉంది.

"అదేంది మామా?"

ఆయన భార్య సుశీలమ్మ అందుకుంది. "కడిగిన నీళ్లు పారబోస్తే బంగారం పోతాదంట. యాభై ఏండ్ల అలవాటు. కారులో యాడుంది బంగారమంటే ఇనడు."

ఆచారి పట్టించుకోలేదు. నీళ్లు చిమ్మి, పంపు కొట్టి, మీట పక్కకు తోశాడు. తెల్లటి నురగ టాపు మీద పడింది. చెయ్యి వణికిన కొద్దీ అది అలలు అలలుగా పరుచుకుంది. నల్ల కారు కనబడకుండా పోయింది.

ఆయన డబ్బా దించి, చేతులు చంకల్లో గట్టిగా ఇరికించుకున్నాడు. రుద్దాలని ఆ చేతులు కొట్టుకోవడం చొక్కా మీద తెలుస్తోంది. నురగ నిదానంగా జారింది. తెల్లగా ఉన్నది బూడిదరంగు తిరిగి, అద్దం మీంచి, డోరు మీంచి రాతిపిండిని మోసుకుంటూ తొట్టిలోకి దిగింది. నేను ఆ డబ్బాలు ఎన్నో అమ్మాను. నురగను ఇట్లా నిలబడి చూడటం మాత్రం అదే మొదటిసారి. గుడిలో నిలబడ్డట్టుంది.

నీళ్లు పోయగానే నలుపు బయటపడింది. అందులో కరెంటు తీగలు, వాటి మీద కాకి, ఆకాశం. తువ్వాలను ఒత్తకుండా పరిచి, రెండు కొసలు పట్టి లాగాడు. చేతులు వణికాయి. తువ్వాల బరువుకు ఆ వణుకు బండిదాకా పోలేదు.

తర్వాత తొట్టి దగ్గర కూర్చుని, పైనీళ్లు వంచేశాడు. అడుగున మిగిలిన పిండిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. గరగరమంది.

"పాపా, దీన్ని బ్రష్షు కింద పెట్టి రుద్దినా నేను. సాన పట్టినట్టు."

తనూజ డోరు మీద అరచెయ్యి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నడిచింది. పాత సుడులు ఉన్నాయి. కొత్త గీత ఒక్కటీ లేదు.

"రేపు గాలి శానా ఉంటాదంట నాయనా," అంది. "వచ్చినాక బండిని ఈడనే పెడతా. పంపు కొట్టి పెట్టుకో."

ఆచారి తలెత్తలేదు. "తొట్టి తీయొద్దు సుశీలా, ఆడనే ఉండనీ," అన్నాడు.